పొర ఆరేలోగా

పొడి చర్మం దేవుడిచ్చిన వరం! ఉన్నవాళ్లు జాగ్రత్తగా కాపాడుకోండి. లేనివాళ్లు ఎలాగైనా సంపాదించుకోండి.

నవ్వకండి. బడిలో సైన్సు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆధారం లేకుండా మాట్లాడను.

నీడకు కూడా చెమట పట్టే బెజవాడలో చర్మం పొడిబారడమేమిటని మీరు అడగవచ్చు. మా అమ్మాయి ఏంజెల్ మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున వెళ్లింది మొదలు సాయంత్రం బస్సెక్కేదాకా ఏసీ కిందే. బయట మిద్దెల మీద వడియాలు ఎండుతుంటే, లోపల మా పిల్ల ఎండుతోంది. అభివృద్ధి అంటే ఇదే కదా!

అందుకని రాత్రి భోజనాలు కాగానే మా హాల్లో ఒక కార్యక్రమం మొదలవుతుంది. ముందు క్లెన్సర్. దాని మీద టోనర్. ఆపైన సీరమ్. తర్వాత మాయిశ్చరైజర్. చివర పెట్రోలియం జెల్లీ పూత. గోడకు రంగులేసే మేస్త్రీ అయినా పుట్టీ, ప్రైమర్ దగ్గర ఇంత ఓపిక చూపించడు. ఒక పొర ఆరాకే ఇంకో పొర!

ఇదివరకు ఆ వేళకు మా ఇంట్లో జపమాల చెప్పుకునేవాళ్లం. మా ఆవిడ తెరేసమ్మ ఎత్తుకునేది, మేమిద్దరం అందుకునేవాళ్లం. పోయిన తపస్సు కాలంలో, ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో, ఆమె దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. ఎత్తుకునే మనిషి లేక జపమాల మేకుకే ఉండిపోయింది. ఆ కాస్త వేళనూ తండ్రీకూతుళ్లం చెరో ఫోను పట్టుకుని గడిపేవాళ్లం. ఇంట్లో మా వేళ్లు తోసే వీడియోల చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

అప్పుడు వచ్చింది, పొడి చర్మం!

దాని గొప్పతనం చూడండి. ఏ పొర పూయాలన్నా రెండు చేతులూ కావాలి. ఆ చేతులతో ఫోను ముట్టకూడదు, తెరంతా జిడ్డవుతుంది. ఫ్యాను కింద కూర్చోకూడదు. దిండు మీద ముఖం ఆనించకూడదు. ఇన్ని కూడదుల మధ్య మనిషి చేయగలిగింది ఏముంది? మాట్లాడటమే!

టోనర్ ఆరేలోగా వాళ్ల టీమ్ లీడర్ ఆగడాలన్నీ విన్నాను. సీరమ్ ఇంకేలోగా, హనుమాన్ జంక్షన్ నుంచి వాళ్ల ఆఫీసుకు వచ్చే క్రిస్టినాకు సంబంధం ఎందుకు తప్పిపోయిందో తెలిసింది. మాయిశ్చరైజర్ మీద ఉండగా మా తెరేసమ్మ చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేసేదన్న చర్చ వచ్చింది. ఇద్దరికీ తెలియదు. అయినా చాలాసేపు పోట్లాడుకున్నాం!

ఆధ్యాత్మిక ప్రయోజనాలు కూడా లేకపోలేదు. మోకాళ్లు చూపించుకోవడానికి మైలవరం నుంచి మా అక్క శౌరమ్మ వచ్చింది. మరియమాత పటం కింద అరలో, ఇంట్లో కాస్త చల్లగా ఉండే చోటు అదేనని, ఏంజెల్ తన సీరమ్ సీసా పెట్టుకుంది. చుక్కల గొట్టం ఉన్న ఆ చిన్న సీసాను చూసి, స్వస్థత ప్రార్థనల్లో ఇచ్చే తైలం అనుకుంది మా అక్క. సిలువ గుర్తు వేసుకుని రెండు మోకాళ్లకూ పట్టించేసింది.

పొద్దున్నే లేచి, "ఒరేయ్ తమ్ముడూ, ఆ తైలం ఎక్కడిదిరా? నొప్పి సగానికి సగం తీసేసింది!" అంది.

"అత్తా! అది నా ముఖానికి రాసుకునే సీరమ్!" ఏంజెల్ లబలబలాడింది.

"అయితే ఏంటే? ప్రార్థన చేసే రాసుకున్నాగా! ఇంకో సీసా ఉంటే ఇవ్వు, మా వీధిలో వాళ్లకి కూడా రాస్తా."

నొప్పి సంగతి నాకు తెలియదు. మోకాళ్లు మాత్రం పెళ్లికూతురి బుగ్గల్లా మెరిశాయి. ఆ రోజు ఏంజెల్ నవ్వింది. ఈ సంవత్సరంలో అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

ఇంత మేలు చేసే జబ్బును నయం చేయాలని చూసే కంపెనీలను ఏమనాలి? పోయిన వారం మా ఇంటికి అదే ఆపద వచ్చిపడింది.

"డాడీ, గుడ్ న్యూస్! స్కిన్ సెట్టయిపోయింది. ఇకనుంచి ఈ ఒక్క క్రీమ్ చాలు, అన్నీ దీన్లోనే ఉన్నాయంట!"

రాసుకుంది. చేతులు తుడుచుకుంది. ఫోను తీసుకుంది.

నేనూ నా ఫోను తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను.

అయ్యా కంపెనీల వారూ! మా పిల్లకు పట్టు లాంటి చర్మం ఇచ్చారు, సంతోషం. ఐదు పొరల కబుర్లను ఒక్క డబ్బాలో కుక్కి మూత పెట్టే హక్కు మీకెవరిచ్చారు?

ఆలోచించి, సుద్దముక్కలతో బీటలు వారిన నా చేతులు చాచి చూపించాను. వీటికి తెరేసమ్మ కొబ్బరినూనె రాసేది. ఆమె పోయాక వీటి సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏంటి డాడీ ఇది! ఇన్నాళ్లూ చెప్పవేం?" ఏంజెల్ ఫోను పక్కన పడేసింది. "ఒక్క క్రీమ్‌తో అయ్యేది కాదిది. మొత్తం పొరలన్నీ పడాల్సిందే!"

పడాల్సిందే మరి! నేనేమీ అడ్డు చెప్పలేదు.

మొదటి పొర పడుతుండగానే బల్ల మీద ఫోను మోగింది. మైలవరం నుంచి అక్క, తైలం కోసమే అయి ఉంటుంది. ఇద్దరి చేతులూ జిడ్డే. మోగి మోగి ఆగిపోయింది.

"ఇది ఆరేదాకా ఏం చేద్దాం డాడీ?" అని, ఏంజెల్ జపమాల ఉన్న మేకు వైపు చూసింది.

"నువ్వు ఎత్తుకోమ్మా," అన్నాను.

ఎత్తుకుంది. పూసలకు జిడ్డు అంటుతుందని వేళ్ల మీదే లెక్కపెట్టుకున్నాం.