బ్యాటరీలకు ఆయుధపూజ

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్న ఏడింటికి తన కంప్యూటర్ సెంటరు తాళం తీస్తూ, ఆ రోజంతా ఎలా గడవాలో దేవీప్రసాద్ మనసులో గీసిపెట్టుకున్నాడు. తొమ్మిదింటికి అబ్జర్వరు వస్తారు. తొమ్మిదిన్నరకి మెయిన్ ఆపించి, యూపీఎస్ బ్యాటరీల మీద నలభై కంప్యూటర్లూ నిలబడతాయో లేదో చూస్తారు. నిలబడితే పదింటికి పరీక్ష, ఆపైన ఏటేటా పరీక్షలే. నిలబడకపోతే పరీక్షా కేంద్రాల జాబితాలోంచి సెంటరు పేరు కొట్టేస్తారు. ఆ జాబితాలోకి ఎక్కడానికి ఆయన రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు.

ముందురోజు ఆయుధపూజ కూడా ఘనంగా చేశాడు. తండ్రి చెరకు గానుగకి ఎలా చేసేవాడో అచ్చం అలాగే. పనిచేసే వస్తువేదీ పండగపూట పనిచేయకూడదు, పూజదండ మూడోరోజు దాకా ఎవరూ కదపకూడదు. ఇవి గానుగ నాటి నియమాలు. అందుకని కంప్యూటర్లు, ప్రింటరు, ఆఖరికి కాగితాలు కోసే కత్తెర కూడా నిన్నంతా విశ్రాంతి తీసుకున్నాయి. యూపీఎస్ పక్కన ఇనపరాక్‌లో ఉన్న ఎనిమిది బ్యాటరీలకీ ఆయన స్వహస్తాలతో పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, రాక్ మొత్తం కప్పేసేలా బంతిపూల దండ వేశాడు. పళ్ళెం పట్టుకుంది సెంటరు ఊడ్చే దేముడమ్మ.

యూపీఎస్ ఆన్ చేశాడు. ఎర్రదీపం వెలిగి, సెకనుకోసారి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది.

బటన్ నొక్కితే ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ అందుకుంది. కంప్యూటర్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతాయి, పోయిందంటేనే గొడవ. యూపీఎస్‌తో వచ్చిన పుస్తకం తీసి చూస్తే ఎర్రదీపానికి ఎదురుగా 'బ్యాటరీల వైపు లోపం' అని ఉంది. వంగి దండ సందుల్లోంచి చూశాడు. ఎనిమిదీ బొట్లతో కళకళలాడుతున్నాయి. మరి లోపం చేసిందెవరు? తలెత్తేసరికి ఎదురుగా దేముడమ్మ చీపురుతో నిలబడి ఉంది.

"నిన్న తడిగుడ్డెట్టి తుడిచేవా వీటిని?"

"నేదు బాబూ. నిన్న పూజకి ముందు తవరే..."

"నువ్వు మాటాడకు. ఈ పరీక్ష గానీ ఆగిపోయిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

దేముడమ్మ చీపురు గోడకి చేరవేసి, వెళ్ళి గుమ్మం మెట్టుమీద కూర్చుంది. పన్నెండేళ్ళలో ఆమెని అంత మాట అన్నది అదే మొదలు. అన్నందుకు దేవీప్రసాద్‌కి లోపలెక్కడో చివుక్కుమంది. యూపీఎస్ మళ్ళీ కుయ్యిమనేసరికి ఆ చివుక్కు కాస్తా చిరాకులో కలిసిపోయింది.

బ్యాటరీలు బిగించిన హిదాయతుల్లాకి ఫోన్ చేశాడు. అతను ఏటికొప్పాకలో చెల్లెలింట్లో ఉన్నాడు.

"కంగారడకండి సార్, ముందు ఒకటి సూడండి. ఆ బ్యాటరీల పక్కన..."

"చూసేనయ్యా, అన్నీ చూసేను. ఇరవయ్యేళ్ళుగా సెంటరు నడుపుతున్నాను, నాకు ఫోన్లో పాఠాలేటి? నువ్వు బండి తియ్యి."

హిదాయతుల్లా బండి తీశాడు. అతను వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చునే మనిషి కాదు దేవీప్రసాద్. బావమరిది అప్పలరాజుని పిలిపించాడు. అప్పలరాజు బెల్లం మార్కెట్లో కాటా వేస్తాడు. బరువు సంగతులు తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని అతని నమ్మకం.

"లోడెక్కువైపోయింది బావా. తగ్గించీ."

ఏసీలు ఆపారు. ఫ్యాన్లు ఆపారు. లైట్లు కూడా ఆపారు. అరుపు ఆగలేదు. ఈలోగా పరీక్ష రాసేవాళ్ళు వచ్చి, చీకటి వరండాలో హాల్‌టికెట్లతో విసురుకుంటూ కూర్చున్నారు.

"అయితే ఇది మిషనుతో అయ్యీ పని కాదు. మా పందిరికాడ జనరేటరుంది, తెప్పించీమంటావా?" అన్నాడు అప్పలరాజు.

"ఇంకా అడుగుతావేటి? తెప్పించు."

"ఒకటే ఇబ్బంది బావా. అది ట్రాక్టరుకి బిగించీసేరు. ట్రాక్టరు మీద అమ్మోరున్నారు. ఇవాళే నిమజ్జనం. జనరేటరొత్తే అమ్మోరూ వత్తాది."

"శారదానదికి వెళ్ళే దారేగా. మన గుమ్మంలో కాసేపు ఆగితే తప్పేటి?"

"అమ్మోరు ఆగుద్ది బావా. డప్పులోల్లే ఆగరు."

అరుపు వింటూ ఆలోచించడం దేవీప్రసాద్‌కి అప్పటికే చేతకాకుండా పోయింది. రమ్మన్నాడు.

తొమ్మిదింటికి అబ్జర్వరు బిందుమాధవి వచ్చింది. అలవాటు కొద్దీ ముందు గోడ గడియారం చూసి, తర్వాత మనుషుల్ని చూసే రకం ఆవిడ. లోపల కూత, బయట నాలుగు వీధుల అవతల డప్పులు.

"ఆ చప్పుడేమిటండీ?"

ఏ చప్పుడు గురించి అడిగిందో తెలియక దేవీప్రసాద్ రెంటికీ కలిపి నవ్వాడు.

"తొమ్మిదిన్నరకి మెయిన్ ఆపుదాం. కంప్యూటర్లు ఆరిపోతే వీళ్ళందరినీ వేరే సెంటరుకి పంపించేస్తాను. తర్వాత నన్నేమీ అనుకోకండి," అంది ఆవిడ కుర్చీ లాక్కుంటూ.

హిదాయతుల్లా హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపలికి రావడం, అప్పలరాజు ఫోన్ మోగడం ఒక్కసారే జరిగాయి. అప్పలరాజు ఫోన్ చెవికి ఆనించి విని, బావని పక్కకి లాగాడు.

"లైన్‌మేన్ బావా. అమ్మోరి కిరీటం తీగలకి తగుల్తాదంట. మన వీదికి లైను తీసేత్తన్నాడు. అయిదు నిమిషాలుంది."

తెప్పించిన జనరేటరింకా వీధి చివర జనంలోనే ఉంది. దాని మూలాన కరెంటు మాత్రం ముందే పోతోంది.

హిదాయతుల్లా రాక్ ముందు గొంతుక్కూర్చుని, చేయి చాపి, దండ చూసి వెనక్కి తీసుకున్నాడు.

"దీని ఎనకాల సూడాల సార్. పూజదండ నేను ముట్టుకుంటే బాగోదు. తవరే తియ్యండి."

"మూడోరోజు దాకా నేనూ తియ్యకూడదయ్యా."

"అయితే నాలుగు నిమిషాలుంది సార్."

గుమ్మంలోంచి దేముడమ్మ గొంతు వినిపించింది. ఈసారి అడ్డుపడే ఓపిక ఎవరికీ లేదు.

"పొద్దుట్నుంచీ అదే సెప్తన్నాను బాబూ. నిన్న పూజకి ముందు తవరే ఆ నల్ల పుల్ల కిందకి దించేరు. ఇయ్యి కూడా ఓ పూట పడుకోవాల, పాపం, అన్నారు. అన్నాకే బొట్టెట్టేరు."

దేవీప్రసాద్ తండ్రికి మనసులో దండం పెట్టుకుని దండ ఎత్తాడు. దాని వెనక, బ్యాటరీలని యూపీఎస్‌కి కలిపే బ్రేకరు కిందకి దిగి ఉంది. దాని నెత్తిమీద, తన బొటనవేలంత కుంకుమ బొట్టు.

ఆయన అదే బొటనవేలితో బ్రేకరు పైకి నెట్టాడు. ఎర్రదీపం ఆరి, పచ్చదీపం వెలిగింది. అరుపు ఆగిపోయిన ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో, డప్పులు గుమ్మంలోకి వచ్చేసినా ఆయనకి కాసేపు వినిపించలేదు.

అంతలో వీధి మొత్తం కరెంటు పోయింది. నలభై కంప్యూటర్లలో ఒక్కటీ కన్ను ఆర్పలేదు.

బిందుమాధవి గడియారం చూసింది. అమ్మవారు వీధి దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. "నేను అయిదు నిమిషాలే చూద్దామనుకున్నాను," అని సంతకం పెట్టి, కిటికీలోంచి అమ్మవారికి నమస్కారం చేసుకుంది. డప్పులు శారదానది వైపు వెళ్ళిపోయాక, సరిగ్గా పదింటికి పరీక్ష మొదలైంది.

దేముడమ్మ మెట్టు దిగకుండా అక్కణ్ణుంచే అడిగింది. "అయితే రేపట్నుంచి నన్ను రావొద్దంటారా బాబూ?"

"నోరు జారేను దేముడమ్మా. మనసులో ఎట్టుకోకు." దేవీప్రసాద్ చేతిలో దండ ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఆమె వచ్చి ఆ దండ అందుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత చీపురు తీసుకుని, రాలిన బంతిరేకులు ఊడవడం మొదలుపెట్టింది.

పొద్దుటి అలారం సంగతి కాగితం మీద ఉండాలని బిందుమాధవి పట్టుబట్టడంతో హిదాయతుల్లా సర్వీసు రిపోర్టు తీసి, యూపీఎస్ బాగుందనీ, బ్యాటరీలు బాగున్నాయనీ రాశాడు. లోపానికి కారణం అన్న గడి దగ్గర కాసేపు పెన్ను కొరికి, సార్‌ని నొప్పించకుండా ఒక్క మాట రాశాడు: భక్తి.