మూడు మిల్లీమీటర్ల ఖాళీ

ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే సైన్సు టీచరమ్మ నెత్తి కొట్టుకుంది: బల్ల మీది రెండు రాగి కడ్డీల మధ్య నిన్న మూడు మిల్లీమీటర్లున్న ఖాళీ ఈ ఉదయానికి మూడు వేళ్ల వెడల్పయింది!

పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ సంపాదించి, వారం రోజులు తంటాలు పడి, స్కేలుతో కొలిచి పెట్టిన ఖాళీ అది. అంతకు మించితే మెరుపు దూకదు. పదింటికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. మెరుపు ఒక్క నిమిషం ఆగకుండా నిలిస్తే ల్యాబ్ నిలుస్తుంది. లేదంటే విరిగిన బెంచీలు పడేసే గది అవుతుంది.

"ఊడుస్తూ నువ్వే కదిపావు!" అని అటెండరు మీద విరుచుకుపడింది.

"నేనా? నా చీపురు నేల మీద తిరుగుతుందమ్మా, బల్లలెక్కదు! పదండి, హెడ్మాస్టరు గారి దగ్గరే తేల్చుకుందాం!"

ఆమె కడ్డీలను మళ్లీ కొలిచి పెట్టి అతని వెనకే వెళ్లింది.

హెడ్మాస్టరు సగం విని నవ్వాడు. "కాస్త దూరంగా ఉంటే మంచిదేగా, టీచరు గారూ?"

"అయితే మీరేనన్నమాట!"

"నేనా? ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మాట పడలేదు!" ఆయన ముఖం కందగడ్డయింది. "రాయండి, కాగితం మీద రాసివ్వండి!"

రాసింది. కదిపినవాడెవడైనా సరే, వాడి ఉద్యోగం ఊడేదాకా ఊరుకోనని ఇన్‌స్పెక్టరు పేరిట అర్జీ. ఆ కోపంలోనే కాగితం పట్టుకుని ముగ్గురూ ల్యాబ్‌కి వస్తే, ఖాళీ మళ్లీ మూడు వేళ్లు!

"ఇప్పుడనండి! ఇంతసేపూ మీ ఎదురుగానే ఉన్నాంగా!" హెడ్మాస్టరూ అటెండరూ ఒక్కటైపోయారు. "ముందు ఎవరికి సారీ చెబుతారో చెప్పండి!"

అంతలో వరండాలోంచి ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. ఆమె పళ్లు కొరుకుతూ కడ్డీలు సరిచేసి, అందరినీ వెనక్కి జరిపి, స్విచ్ వేసింది. జుయ్యిమంటూ ఊదారంగు మెరుపు దూకి అక్కడే నిలబడింది. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. ఇన్‌స్పెక్టరు మాత్రం బీరువా చాటు నుంచి సగం ముఖమే బయట పెట్టి చూశాడు.

స్విచ్ ఆపాక వచ్చి, ల్యాబ్ కొనసాగించవచ్చని రాసి సంతకం చేశాడు. సిరా ఆరకముందే ఆమె అర్జీ చేతిలో పెట్టింది.

"ఆ దుర్మార్గుణ్ణి వదలకండి సార్!"

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రెండుసార్లూ నేనేనమ్మా. ఎనిమిదిన్నరకే వచ్చాను, తలుపు తీసి ఉంటే లోపలికి దూరాను. ఇంట్లో గ్యాస్ లైటర్ టక్కుమంటేనే హాల్లోకి పరిగెత్తే మనిషిని. మూడు వేళ్లేమిటి, నా చేతుల్లో ఉంటే ఆ రెండో కడ్డీని పక్క స్కూల్లో పెట్టించేవాణ్ణి."