రెండు గంటల తేడా

ఎనిమిదింటికి విమానం. కాబట్టి అయిదింటికి లేవాలి, ఆరింటికల్లా విమానాశ్రయంలో ఉండాలి. ముల్లు మేస్త్రి వేసుకున్న పథకం అంతే. గడియారాలు బాగుచేసే ఈ పెద్దమనిషి బుద్ధెరిగాక ఒక్క నిమిషం ఆలస్యమై ఎరగడు, అందుకే జనం ఆయనకు ఆ పేరు పెట్టారు. పాపం, దుకాణానికి గిరాకీ వచ్చి ఆర్నెల్లయింది. దూరపు నగరంలో గంటస్తంభం చూసుకునే ఉద్యోగానికి ఆ రోజు పదింటికి ఇంటర్వ్యూ. అదీ పోతే ఇక చేతిలో పని లేనట్టే.

టికెట్టు మీద బయలుదేరేది ఎనిమిది, చేరేది ఎనిమిదీ ఇరవై అని ఉంది. ఇరవై నిమిషాల దూరానికి విమానమెందుకు, బస్సులో పొమ్మంది భార్య. బావమరిది తల పట్టుకున్నాడు.

"రెండు వేల కిలోమీటర్లక్కా. రెండు గంటల ఇరవై నిమిషాలు ఎగరాలి. అక్కడి టైము మనకంటే రెండు గంటలు వెనక, అంతే."

తప్పు టైము చూపించే గడియారంతో కొత్త ఊళ్లో దిగడం మేస్త్రికి చచ్చినా ఇష్టం లేదు. అందుకని ముందు రోజు సాయంత్రమే చేతి గడియారాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టాడు. ఆయన తిప్పడం చూడని భార్య తర్వాత దాంట్లో టైము చూసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో మొగుడు తప్పినా ఆ గడియారం తప్పలేదు. ఇంట్లో పద్నాలుగు గడియారాలూ ఒక్కసారే చెడిపోయాయనుకుని, ఓపిగ్గా అన్నింటినీ దాని ప్రకారం తిప్పింది, అలారం గడియారంతో సహా.

పొద్దున లేచి చూస్తే గోడ మీద అయిదు, చేతి గడియారంలోనూ అయిదే. నిన్న తిప్పడం మరిచిపోయాననుకుని మేస్త్రి దాన్ని మళ్లీ రెండు గంటలు వెనక్కి తిప్పాడు. అయిదింటికే ఇంత ఎండేమిటని అనుమానం రాకపోలేదు గానీ, ఆయన ఎండకంటే గడియారాన్నే నమ్మే మనిషి.

విమానాశ్రయంలో పెద్ద గడియారం ఎనిమిది చూపిస్తోంది. మేస్త్రికి ఒళ్లు మండింది. అది రెండు గంటలు ముందు నడుస్తోందని, నిచ్చెన తెప్పిస్తే చిటికెలో సరిచేస్తానని కౌంటర్లో అమ్మాయికి చెప్పాడు. ఆమె తన ఫోను చూపించింది. అదీ చెడిపోయిందన్నాడు. చుట్టూ చేరిన నలుగురి చేతి గడియారాలూ ఎనిమిదే చూపించేసరికి ఆయన నిచ్చెన మాట వదిలేశాడు.

"అయితే నా విమానం?"

"అదిగో, వెళ్తోంది సార్."

ఎలాగో బతిమాలితే పదింటి విమానంలో సీటు దొరికింది. అక్కడి టైము ప్రకారం పదీ ఇరవైకి దిగి, పరుగున వెళ్లేసరికి పదకొండయింది. ఇంటర్వ్యూ గది ఖాళీ. అందరూ విసిగి వెళ్లిపోయారనుకున్నాడు. జన్మలో ఒక్కసారి ఆలస్యమైతే ఆ ఒక్కసారీ కొంప ముంచిందే అని ఏడుపొచ్చింది. ఎక్కడికి పోవాలో తోచక కుర్చీలో కూలబడ్డాడు.

పన్నెండున్నరకు ముగ్గురు అధికారులు తాపీగా వచ్చారు. వాళ్ల గుమాస్తా మేస్త్రి ప్రయాణం సొంతంగా లెక్కేశాడట. ఎనిమిదికి రెండు గంటల ఇరవై నిమిషాలు కలిపాడు. తీసెయ్యాల్సిన రెండు గంటలు కూడా కలిపాడు. పన్నెండూ ఇరవై దాకా మేస్త్రి దిగడని తేల్చి ఇంటర్వ్యూ పన్నెండున్నరకి మార్చాడు. ఆ సంగతి మేస్త్రికి చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

మేస్త్రి గాభరాగా లేచాడు. "క్షమించండి సార్, ఆలస్యమైపోయింది..."

"ఎక్కడండీ? మీరెప్పుడొచ్చారు?"

"పదకొండుకి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పెద్దాయన ఇంకేమీ అడగలేదు, రేపే చేరిపొమ్మన్నాడు. మేస్త్రి జరిగింది జరిగినట్టు చెప్పబోయాడు గానీ, ఆ వినయం కూడా వాళ్లకు నచ్చింది.

నియామక పత్రంలో అర్హత అన్నచోట ఒకే ఒక్క మాట రాశారు: సమయపాలన.