పేలుడుకు నివాస ధ్రువపత్రం

భూమ్మీద ప్రతి ప్రాణికీ ఒక చిరునామా ఉండాలని చెప్పేది నాగరికత. ఆకాశంలో పేలేవాటికి కూడా ఉండాలని చెప్పేది మా అట్లాస్ కొండల వేధశాల కార్యాలయం. (ఏది గొప్పో మీరే తేల్చుకోండి.)

గామా కిరణాల పేలుడంటే ఊహకందని దూరాన కొట్టే మెరుపు. అది క్షణాల్లో పోతుంది. వెనక మిగిలిన మసక వెలుగు ఆరిపోయేలోగా టెలిస్కోపు తిప్పితేనే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. మా శాస్త్రవేత్త లల్లా ఇట్టో ఆ ఒక్క వెలుగు కోసం పెళ్లి కూడా వాయిదా వేసుకుంది. టెలిస్కోపు తిప్పేవాణ్ని నేను.

మొన్న పొద్దుగూకే వేళ ఉపగ్రహం కబురు పంపింది. ఇట్టో పరుగున అధికారి సీ బూఅజ్జా గదిలో పడింది. (మా వైపు మగవాళ్లకు సీ, ఆడవాళ్లకు లల్లా మర్యాద మాటలు.)

"పేలింది! సంతకం పెట్టండి, టెలిస్కోపు తిప్పాలి!"

"పెడతా తల్లీ. దాని నివాస ధ్రువపత్రమేదీ?"

"అదెక్కడుంటుందో కనుక్కోడానికే కదండీ తిప్పమంటున్నా!"

"కనుక్కునిరా. అప్పుడు చూద్దువుగాని."

(నిబంధన: ఊరూ పేరూ లేనివారి వైపు ప్రభుత్వ ఆస్తిని తిప్పరాదు.)

మా దేశంలో ఎవరెక్కడుంటారో చెప్పాల్సింది పేట ముఖద్దమ్. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో కూడా ఆయనకు తెలుసు. మా ముఖద్దమ్ సీ మోహా మోపెడ్ మీద కొండెక్కి వచ్చాడు. వచ్చినవాడికి టీ పోయకుండా పని చెప్పడం మర్యాద కాదు. బూఅజ్జా పుదీనా టీ ఎత్తునుంచి పోశాడు. నురగ రాలేదని మళ్లీ కెటిల్లో పోసి, మళ్లీ మొదలెట్టాడు.

"ఇరుగుపొరుగు ఎవరైనా ఎరుగుదురా దాన్ని?" అన్నాడు మోహా తీరిగ్గా.

"పొరుగంటే పక్క గెలాక్సీయే, సీ మోహా!"

"అయ్యో, మనవైపు చుట్టాలెవరూ లేరా పాపం?"

ఇట్టో భోరుమంది. "ఆరిపోతోందయ్యా! మీకు పుణ్యముంటుంది!"

మోహా మంచివాడు. ఆడపిల్ల కన్నీళ్లు చూడలేక రాసేశాడు: "సదరు పేలుడు మా పేట వాస్తవ్యురాలు. అక్రోటు చెట్ల వెనక కాపురం. చిన్నప్పటినుంచీ ఎరుగుదును."

బూఅజ్జా ముద్ర కొట్టాడు. నేను టెలిస్కోపు తిప్పాను. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ఇట్టో ఆ చీకటినే చాలాసేపు చూస్తూ కూర్చుంది.

తర్వాత రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. ప్రపంచంలో ఎవరికీ అంతుపట్టని పేలుళ్ల పుట్టుక మా కార్యాలయంలో ముద్రతో సహా తేలిందట. సీ బూఅజ్జాకు పదోన్నతి ఇచ్చారు. ఇక వెతకాల్సిందేమీ మిగలలేదు కాబట్టి లల్లా ఇట్టో ఉద్యోగం రద్దు చేశారు.