కొట్టానికి కర్టెన్

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. దర్జీ పని చేసే నాన్న, ప్రతిదానికీ కంగారుపడే అమ్మ, రెండు రోజులకని వచ్చి రెండు వారాలుగా ఉంటున్న పిన్ని, పొలం గట్టున విడిగా గదిలో ఉండే నానమ్మ, పదో తరగతి చదివే, అందరూ గుసగుస అని పిలిచే పిల్ల. ఎదుటివాళ్ళు వంగి చెవి పెడితే గానీ గుసగుస మాట వినపడదు. నానమ్మకు మాత్రం వంగకుండానే వినపడేది. అందుకే ఆ పిల్ల పక్క నానమ్మ గదిలోనే.

పొద్దున్నే దుప్పట్లు ఉతికి ఆరేశారు, అంతే. ఇంతలో ఫోన్ మోగింది. గుసగుస ఎత్తింది.

"అనుమతుల ఆఫీసు నుంచమ్మా. మీ పొలంలో గది చూడ్డానికి పదకొండింటికి వస్తున్నాం. పెద్దవాళ్ళకు చెప్పు."

ఎందుకని అడగాలనుకుంది గానీ అడగలేదు. "ఊఁ" అని పెట్టేసింది.

సాగుభూమిలో పశువులకు చిన్న కొట్టం వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మనిషి ఉండే గదికి మాత్రం అనుమతి కావాలి. నాన్న అడక్కుండానే కట్టేశాడు. పోయిన నెల రోడ్డు మలుపులో వడ్రంగి ఇలాగే కట్టుకుంటే, కూల్చే మిషను వచ్చి పావుగంటలో నేలమట్టం చేసింది. చివరికి వడ్రంగి భుజాన ఒక తలుపు మిగిలింది.

"కూలుస్తామన్నారా?" అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చూస్తామన్నారు."

"చూస్తామంటే కూలుస్తామనే అక్కా," అంది పిన్ని, తానే ఆ ఆఫీసు నడుపుతున్నట్టు.

"ఒరేయ్, నా మాట విను, ఆ కాగితం..." అంది నానమ్మ.

"కాగితం లేదనే కదమ్మా ఈ గోలంతా! కాసేపు నోరు మెదపకు," అని నాన్న కసిరాడు.

గుసగుస ఫోన్ వైపు చూసింది. తను ఒక్క మాట అడిగి ఉంటే! గది పోతే నానమ్మ ఎక్కడికి పోతుంది? తను ఎక్కడికి పోతుంది?

"బావగారూ, మనిషి ఉంటేనే కదా తంటా. ఆవు ఉంటే?" అంది పిన్ని.

నానమ్మ పెట్టె, స్టవ్వు, చెప్పులు బయటికి పోయాయి. మంచం మాత్రం గుమ్మంలో పట్టలేదు. దాని మీద గడ్డి పరిచారు. పాలాయన తన ఆవును ఇచ్చి, "కొత్త చోట తంతుంది, వెనక నిలబడకండి," అన్నాడు. ముందు నిలబడమని గుసగుస చేతికి తాడిచ్చారు. అత్తగారిని అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టింది.

పదకొండింటికి ఆఫీసరు సంచీతో వచ్చాడు. చుట్టూ చూశాడు.

"కొట్టానికి కర్టెనా?"

"ఆవుకు ఎండ పడదండీ," అన్నాడు నాన్న.

"ఆ అద్దం?"

"ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందండీ, తోడుగా ఉంటుందని," అంది పిన్ని.

"అయితే మనుషులెవరూ ఉండరన్నమాట."

"చచ్చినా ఉండరు సార్," అన్నాడు నాన్న.

ఆఫీసరు కలం తీశాడు. "సరే, అర్జీ కొట్టేస్తున్నాను."

"ఏ అర్జీ?"

"మీ అమ్మగారిదే. గదిలో ఉండటానికి అనుమతి అడిగారు. అరవై దాటినవాళ్ళు సొంత పొలంలో ఉంటుంటే ఇవ్వచ్చు. ఉంటున్నారో లేదో చూద్దామనే వచ్చాను. ఉండటం లేదంటే, కొట్టానికి ఇంత పెద్దది కుదరదు. సగం కూల్చాలి."

నాన్న వంటింటి వైపు చూశాడు. కలం కాగితం మీదికి దిగుతోంది. గుసగుస తాడు పట్టుకునే ఒక అడుగు ముందుకు వేసింది.

"ఉంటుంది!" అని అరిచింది. ఆ గొంతు ఎవరిదా అని పిన్ని వెనక్కి తిరిగి చూసింది. "నానమ్మ ఇక్కడే ఉంటుంది! ఆవు పాలాయనది! గడ్డి కింద మంచం ఉంది! రోజూ నేనూ పక్కనే పడుకుంటాను!"

ఆవు బెదిరి, తాడు విదిలించుకుని, ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి ఒకటి కొమ్ములకు తగిలించుకుని పోయింది. అమ్మ పరుగున వెళ్ళి నానమ్మను తీసుకొచ్చింది. ఆఫీసరు గడ్డి తీసి మంచం చూశాడు, తల ఊపాడు. అంతలో ఆగాడు.

"ఈ అమ్మాయి కూడా ఉంటుందా? అర్జీలో ఒక్కరే అని ఉందే. ఇద్దరంటే అర్జీ మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను."

నానమ్మ మనవరాలి వైపు చూసింది. తర్వాత గోడల వైపు చూసింది.

"ఒక్కదాన్నే బాబూ. పిల్ల ఏదో భయపడి అంటోంది."

ఆఫీసరు అనుమతి కాగితం మీద ముద్ర కొట్టాడు. "మధ్యలో చెప్పకుండా వచ్చి చూస్తుంటాం," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం గుసగుస తలగడ చంకన పెట్టుకుని గదికి వెళ్ళింది. నానమ్మ గుమ్మంలోనే నిలబడి, రోడ్డుకు అటూ ఇటూ చూసింది.

"ఇంటికి పోవే తల్లీ."

"నానమ్మా, నేనేగా గదిని కాపాడింది..."

"నువ్వేనే, కాదన్నానా! రేపు పగలు రా, చుట్టంలా రా. చుట్టాలకు అనుమతి అక్కర్లేదట, అడిగాను."

ఆ పిల్ల తలను ఒకసారి నిమిరి, నానమ్మ తలుపు వేసి గడియ పెట్టుకుంది, చట్టప్రకారం.