లైట్‌హౌస్ ఎక్కని డ్రైవర్

ఆ ఉదయం డ్రైవర్‌గారు వేసుకున్న పథకం చిన్నదే. వైద్యశాలలో ఒంటికి నూనె పట్టించాక గంటసేపు దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకోమంటారు. ఆ గంటలో వెనక గేటు దాటి, లైట్‌హౌస్ ఎక్కి దిగి, గుట్టుగా వచ్చి పడుకోవాలి. మర్నాడు తెల్లారితే ఊరు విడిచి ప్రయాణం.

ముప్ఫై ఏళ్లు టూరిస్టు బస్సు నడిపిన మనిషి ఆయన. రిటైరయ్యాక, తాను తిరిగిన ఊళ్లన్నీ భార్యకు చూపిస్తానని ఆరు నెలల యాత్ర పెట్టుకున్నాడు. నిజానికి ఆయన మాత్రం ఏం చూశాడు గనక? జనం మెట్లెక్కుతుంటే కింద బస్సుకు కాపలా కాశాడు. తిరిగొచ్చినవాళ్ల కబుర్లు విని, ఇంటికెళ్లి తానే ఎక్కి చూసినట్టు భార్యకు కళ్లకు కట్టేలా చెప్పేవాడు. ఆమె కూరలు తరుగుతూ, కత్తి పక్కన పెట్టి మరీ వినేది. ఒంటి గదిలో కాపురమున్న ఆ రోజులు తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

ఈ ఊరు రాగానే ఆమె, "ఇక్కడి లైట్‌హౌస్ మీరు వందసార్లు ఎక్కారు కదా. ముందు మీ నడుం సంగతి చూద్దాం," అని ప్రకృతి వైద్యశాలలో ఐదు రోజులకు ఇద్దరి పేర్లూ రాయించింది. కాదంటే గుట్టు రట్టవుతుంది. ఆయన తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

అక్కడ మధ్యాహ్నం దాకా అందరికీ మౌనం. నోరు విప్పినవాళ్లకు మరో రోజు వైద్యం అదనం.

ఆయన పిల్లిలా లేచి నడిచాడు. పక్క చాప మీద ఉన్న భార్య లేచి వెంటనడిచింది. ఇదీ వైద్యంలో భాగమే కాబోలనుకుని మిగతా ఆరుగురూ నూనె ఒళ్లతో, దుప్పట్లతో బయల్దేరారు. మలుపులో డ్రైవర్‌గారు వెనక్కి చూశాడు. వెనక్కి పొమ్మని చెయ్యి ఊపితే, త్వరగా రమ్మంటున్నాడనుకుని వాళ్లు అడుగు పెంచారు. ఖాళీ చాపలు చూసి, వైద్యశాల నడిపే గురువుగారు చేతిగంట పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయనకూ మౌనమే. ఆయన గంట వాయించినకొద్దీ, తొందర చేస్తున్నాడనుకుని వీళ్లు పరుగు లంకించుకున్నారు.

లైట్‌హౌస్ దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. "మెట్ల మీద నూనె కారి ఎవరైనా జారితే ఎవరిది పూచీ? మీలో పెద్ద ఎవరు?"

ఎనిమిది వేళ్లు డ్రైవర్‌గారిని చూపించాయి. అందులో గురువుగారి వేలు కూడా ఉంది.

"అయితే పూచీకి మీరు కిందే ఉండండి. మిగతావాళ్లు కాళ్లు తుడుచుకుని ఎక్కండి."

ఆయన నోటిదాకా వచ్చిన మాట మింగి, అలవాటైన చోటే నిలబడ్డాడు. 

అందరికంటే ముందు భార్య దిగివచ్చింది. "మీరు చెప్పిన పెద్ద టెలిస్కోపు పైన లేదండీ," అంది.

"మాట్లాడకే, మరో రోజు పడుతుంది."

"పడనివ్వండి. మీరు ఏదీ ఎక్కలేదని మీ క్లీనర్ భార్య నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పింది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు విన్నావ్?"

"ఇంటికొచ్చి పెళ్లాంతో అంతసేపు మాట్లాడే మగాడు మన వీధిలో ఇంకెవరున్నారు?"

"తెలిసీ ఆ వైద్యశాలలో పడేశావా?"

"ఇప్పుడైనా లైట్‌హౌస్ ఎక్కుతానని నోరు తెరిచి అడుగుతారేమోనని చూశాను," అని ఆమె కాపలాదారు వైపు తిరిగింది. "బాబూ, మాలో పెద్దని నేను. నేను కింద ఉంటా, ఆయన్ని పంపించు."

డ్రైవర్‌గారు ఎక్కాడు, చూశాడు, దిగాడు. అయినా లైట్‌హౌస్ గురించి ఎవరడిగినా ఇప్పటికీ చూడకముందు చెప్పిందే చెబుతాడు. చూసినదాంట్లో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదట.