వెబ్‌సైట్ కట్టకండి, పోల్చి చూడండి

సొంత వెబ్‌సైట్ పెట్టుకుందామనుకునేవారికి నా సలహా ఒక్కటే. పెట్టుకోకండి. దాన్ని కట్టటానికి ఏ సాధనం మంచిదో పోల్చి చూస్తూ ఉండండి. వెబ్‌సైట్‌లో లేని సుఖం పోలికలో ఉంది.

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నాలుగు నెలలు పోల్చాను. ఆకలి బాగా వేసేది. బంధువులు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావు?" అంటే "పోలుస్తున్నాను" అనేదాన్ని. అవతల గొంతులో వెంటనే గౌరవం వినిపించేది. కట్టేసి ఉంటే ఏం చెప్పేదాన్ని?

ముందు నా పని సంగతి చెప్పాలి. నాది రఫూ పని. సిగరెట్ నిప్పు పడిన కోటు, మేకు తగిలిన ప్యాంటు, పురుగు కొట్టిన శాలువా, ఏది తెచ్చినా ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, కన్నం ఉన్నచోట మళ్లీ నేత నేస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని నేస్తున్నాను. ముందు గదిలో మావారు కూర్చునేవారు. బట్ట అందుకోవటం, చీటీ రాసి గుచ్చటం, తిరిగి ఇవ్వటం ఆయన వంతు. బోర్డు మీద పేరు కూడా ఆయనదే. "మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ" అని ఎవరైనా అంటే, ఆయన తన చెయ్యి ఒకసారి చూసుకుని ఊరుకునేవారు. పాపం, ఎదుటివారి మాట కొట్టేయటం ఆయనకు చేతకాదు.

ఆయన పోయి మూడేళ్లు. పోయాక దుకాణం తెరిస్తే హ్యాంగర్లకు నలభై బట్టలు, నలభై చీటీలు. ఏ బట్టకు ఎక్కడ కన్నం పడిందో నాకు తెలుసు. ఏ బట్ట ఎవరిదో చీటీకే తెలుసు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఎన్నాళ్లని ఒకరిచేత చదివించుకోను? అందుకని యాభై ఏడో ఏట, పెద్దవాళ్లకు చదువు చెప్పే మధ్యాహ్నం బడిలో చేరాను. చీటీలు చదవటం వచ్చాక ఒక్కొక్కరికీ కబురు పెట్టి బట్టలు ఇచ్చేశాను. అన్నిటికన్నా మందమైన చలికోటు దాని యజమానికి చేరేసరికి ఎండలు మండిపోతున్నాయి.

ఆ తరవాత అసలు చిక్కు మొదలైంది. కొత్త కన్నాలతో జనం గుమ్మం దాకా వస్తారు. నన్ను చూస్తారు. "అయ్యో, ఆయన లేరా" అంటారు. చంకలోని కోటును ఇంకాస్త గట్టిగా పట్టుకుని వెళ్లిపోతారు. ఒక లాయరుగారి కోటు మోచేయి నేను మూడుసార్లు నేశాను. ఆయన గుమ్మంలో నిలబడి "అలాంటి చెయ్యి ఇంక పుట్టదమ్మా" అని నాతోనే అని కళ్లు తుడుచుకున్నారు. ఓదార్చి పంపాను. వచ్చినవాళ్లందరినీ ఇలా ఓదార్చి పంపుతూ పోతే, ఆ వెనక గదికి తాళం వెయ్యటమే మిగులుతుంది.

"అమ్మా, నీ పేరున వెబ్‌సైట్ పెట్టు. ఈ పని నీదని నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారు?" అంది మా అమ్మాయి.

"బోర్డు మారిస్తే సరిపోదూ?"

"బోర్డు చూసేది ఈ వీధివాళ్లే. వాళ్లకు నాన్న మొహమే గుర్తు. మిగతావాళ్లు ఫోన్లో వెతుక్కుంటారే."

మూడు సాధనాలు చూపించి, ఏదో ఒకటి ఎంచుకోమని తను ఆఫీసుకు వెళ్లిపోయింది. వాటి పేర్లు నాకు నోరు తిరగవు. నేనే పెట్టుకున్నాను: లాగుడుబండి, ప్రశ్నలమ్మ, అన్నీనేనే.

లాగుడుబండిలో ప్రతిదీ వేలితో లాగి పెట్టుకోవాలి. పేరు లాగితే ఫొటో కిందికి జారుతుంది. ఫొటో లాగితే ఫోన్ నంబరు దాని నెత్తినెక్కి కూర్చుంటుంది. ఎంత వ్యాయామం! అందులో గ్యాలరీ అని ఒకటుంది. పన్నెండు గళ్లు. చేసిన పని అందులో చూపించాలట. ఇంట్లోవీ, చుట్టాల దగ్గర అడిగి తెచ్చినవీ, నేను బాగుచేసిన కోట్లు, ప్యాంట్లు, శాలువాలు పన్నెండు ఫొటోలు తీసి పెట్టాను. మా అమ్మాయి వాటిని చాలాసేపు చూసింది.

"ఇందులో నువ్వు చేసింది ఎక్కడమ్మా?"

"కనపడుతోందా?"

"లేదు."

"మరి బాగా చేసినట్టేగా."

"చూసేవాళ్లు బట్టల కొట్టనుకుంటారమ్మా."

నిజమే. ఆ పేజీని పరీక్షకని ఒక్కరోజు బయటపెడితే, ఒకాయన ఫోన్ చేసి మూడో గడిలోని కోటు ఇంకాస్త పెద్ద సైజులో ఉందా అని అడిగాడు. చేసిన పని కనపడకుండా చెయ్యటమే వృత్తి అయినవారికి గ్యాలరీ ఎంత మేలో చూడండి. పన్నెండు గళ్లలో పన్నెండుసార్లు కనపడకుండా పోవచ్చు!

ప్రశ్నలమ్మ లాగనివ్వదు. అడుగుతుంది. మీ లక్ష్యమేమిటి? మీ సందర్శకుల వయసెంత? మీకు నచ్చే రంగేది? కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు కూడా నన్ను ఇన్ని అడగలేదు. రంగు దగ్గర ఆగిపోయాను. కన్నం పడిన బట్ట ఏ రంగైతే నాదీ ఆ రంగే. అదే టైప్ చేశాను. అలా కుదరదు, కింది పదహారింట్లో ఒకటి ఎంచుకోండి అంది.

పోలిక గట్టిగా ఉండాలని ఒక నోటుపుస్తకంలో గళ్లు గీశాను. త్వరగా వస్తుందా, మధ్యలో చెరిగిపోతుందా, తప్పు చేస్తే కసురుతుందా, ఇలా వరసలు. మా ఆడపడుచు వచ్చి ఆ పుస్తకం తిరగేసింది.

"వదినా, అన్నయ్య ఫొటో దేంట్లో పెద్దగా వస్తుంది?"

"మూడింట్లోనూ వస్తుంది."

"అయితే పైన అన్నయ్య ఫొటో వెయ్యి. కింద చిన్నగా నీ నంబరు. అన్నయ్యను చూసే కదా నలుగురూ వచ్చేది."

"నేసింది నేనమ్మా."

"నువ్వు కాదని ఎవరన్నారు? ఇంట్లోవాళ్లకి తెలుసుగా. చాలదూ?"

చక్కటి ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ఇంకో నెల పోల్చాను. పోలికలోని అసలు మేలు ఇదే. పోలుస్తున్నంతకాలం ఎవరితోనూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక అన్నీనేనే. మనం నాలుగు ముక్కలు చెబితే చాలు, ‘నా గురించి’ పేజీ అదే రాసిపెడుతుంది. కష్టపడి అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు ఇంతకన్నా విశ్రాంతి ఏముంది? కూడబలుక్కుని టైప్ చేశాను: ‘రఫూ పని. ముప్పై ఒక్క ఏళ్లు. మావారు పోయారు. నేను ఉన్నాను.’

రెప్పపాటులో నాలుగు పేరాలు వచ్చాయి. ‘దివంగత భర్త హస్తనైపుణ్యాన్ని, ఆయన కలను ఈ గృహిణి భక్తిశ్రద్ధలతో ముందుకు తీసుకువెళుతున్నారు...’ చదువుతుంటే నాకే ఆవిడ మీద జాలి వేసింది.

మిగతా రెండింట్లోనూ అలా రాసే బటన్ ఉందని అప్పుడు గమనించాను. పోల్చేవారికి న్యాయబుద్ధి ఉండాలి కదా? అవే నాలుగు ముక్కలు వాటికీ ఇచ్చాను. లాగుడుబండి ‘భర్త అడుగుజాడల్లో’ అంది. ప్రశ్నలమ్మ మరో రెండు ప్రశ్నలు అడిగి ‘భర్త నేర్పిన విద్యతో’ అంది.

నోటుపుస్తకం తీశాను. అప్పటికి ఇరవై మూడు వరసలు. ఏ వరసలోనూ మూడూ ఒకటిగా లేవు. ఇరవై నాలుగోది రాశాను: ‘పని ఎవరిది?’ మూడు గళ్లలోనూ ఒకటే జవాబు పడింది. లాయరుగారు, మా ఆడపడుచు, మూడు యంత్రాలు. యంత్రాలు వీళ్లిద్దరినీ ఎప్పుడూ చూసి ఉండవు, అయినా ఐదుగురిదీ ఒకటే మాట! ఊరుకున్న మావారిని కూడా కలిపితే ఆరుగురు.

ఆదివారం పొద్దున ఆ నాలుగు పేరాలు చెరిపేశాను. ఖాళీలో నా మాటలు నేను టైప్ చేశాను. గంట పైనే పట్టింది.

‘ఈ దుకాణంలో రఫూ మొదటినుంచీ నేనే చేస్తున్నాను. మావారు ముందు గదిలో కూర్చునేవారు. కన్నం పడిన బట్ట ఉంటే తీసుకురండి.’

మీ పరిచయం మరీ క్లుప్తంగా ఉంది, మెరుగుపరచమంటారా అని అడిగింది అన్నీనేనే. ‘అవును’ అనే బటన్ అరచేతంత ఉంది. ‘వద్దు’ ఎక్కడో మూల, బూడిదరంగులో, చీమ తలకాయంత ఉంది. నల్లకోటు మీద నల్లపోగు వెతికి పట్టుకునే కళ్లు నావి. నొక్కాను.

‘ఖచ్చితంగానా?’ అంది.

పాఠకులు క్షమించాలి, నా పోలిక అక్కడితో చెడిపోయింది. ఈ పని నీదేనా, ఖచ్చితంగానా అని ఇన్నేళ్లలో ఒక్క మనిషి అడిగి ఉంటే నేనింకా హాయిగా పోలుస్తూ ఉండేదాన్ని. ఎవరూ అడగలేదు. అది అడిగింది. అవునన్నాను.